నర్సరీలో పసిపిల్లల రక్షణ: ఇంగ్లండ్‌లో నిబంధనలు పుట్టిన తీరు

ఇంగ్లండ్‌లోని ప్రతి నర్సరీలోనూ పిల్లల భద్రత చూసే బాధ్యతను ఒక ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగిస్తారు. బిడ్డ ఒంటిమీద కమిలిన మచ్చ కనబడితే ఎవరు చూశారో, ఏ వేళకు చూశారో, ఒంట్లో ఏ భాగాన ఉందో వెంటనే రాసి ఆ ఉద్యోగికి చెప్పాలి. బిడ్డ నోట ఏదైనా మాట వస్తే దాన్ని సరిదిద్దకుండా, బిడ్డ పలికినట్టే రాయాలి. గుచ్చి గుచ్చి అడగకూడదు. ఎవరికీ చెప్పనని బిడ్డకు మాట ఇవ్వకూడదు. అనుమానానికి ఆధారం ఉందనిపిస్తే స్థానిక కౌన్సిల్‌లోని బాలల సేవల విభాగానికి తెలపాలి. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే పోలీసులకు ఫోన్ చేయాలి. తోటి ఉద్యోగి మీదే అనుమానం కలిగితే కౌన్సిల్‌లో అందుకోసమే ఉన్న అధికారికి చెప్పాలి. పైకి ఇవన్నీ మామూలు ఆఫీసు నిబంధనల్లా కనిపిస్తాయి. నిజానికి వీటిలో ముందుచూపుతో రాసుకున్నవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఒక బిడ్డ చనిపోయాకో, ఒక విచారణ సంఘం నివేదిక ఇచ్చాకో, ఒక కోర్టు తీర్పు చెప్పాకో వచ్చినవే.

ఈ కథ నర్సరీలకన్నా ముందే మొదలవుతుంది. 19వ శతాబ్దం నడుమ ఇంగ్లండ్ నగరాల్లో పెళ్లికాని తల్లులు, ఇళ్లలో పనికి కుదిరిన ఆడవాళ్లు పసికందులను పరాయి ఇళ్లలో పెట్టి డబ్బు కట్టేవాళ్లు. కొందరు ఒకేసారి కొంత మొత్తం పుచ్చుకుని బిడ్డను పూర్తిగా తీసేసుకునేవాళ్లు. అలాంటి ఇంట్లో బిడ్డ ఎంత తొందరగా కన్నుమూస్తే అంత లాభం. 1870లో మార్గరెట్ వాటర్స్‌ అనే ఆమెను అలా పసికందు చావుకు కారణమైన నేరం మీదే లండన్‌లో ఉరితీశారు. రెండేళ్లకు, 1872లో, పసికందుల ప్రాణరక్షణ చట్టం వచ్చింది. ఏడాదిలోపు వయసున్న పిల్లలను ఇద్దరిని గానీ అంతకు మించి గానీ 24 గంటలకు పైగా డబ్బు తీసుకుని ఉంచుకునేవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలని ఆ చట్టం చెప్పింది. ఒక్క బిడ్డనే ఉంచుకుంటే నమోదు అక్కర్లేదు. పగటిపూట మాత్రమే చూసుకునేవాళ్లకూ అక్కర్లేదు. ఆ సందులోంచి తప్పించుకున్నవాళ్లు చాలామంది. 1896లో థేమ్స్ నదిలో దొరికిన ఒక పసికందు శవం ద్వారా అమీలియా డయ్యర్ పట్టుబడి ఉరికంబమెక్కాక, మరుసటి ఏడు చట్టాన్ని బిగించి వయసును ఐదేళ్లకు పెంచారు. డబ్బు తీసుకుని పరాయి బిడ్డను చూసుకునే చోటును ప్రభుత్వం తనిఖీ చేయవచ్చన్న ఆలోచనకు మూలం ఇక్కడే ఉంది.

సొంత ఇంట్లో జరిగే హింసను ముట్టుకోవడానికి చట్టం ఇంకా ఎక్కువకాలం వెనకాడింది. పశువులను హింసించకూడదని బ్రిటన్ 1822లోనే చట్టం చేసుకుంది. పిల్లల విషయంలో అలాంటి చట్టానికి 1889 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ జాప్యం ఆ సమాజం గురించి చాలా చెబుతుంది. 1883లో లివర్‌పూల్‌లో, 1884లో లండన్‌లో పిల్లలపై క్రూరత్వాన్ని అరికట్టే సంఘాలు ఏర్పడ్డాయి. లండన్ సంఘాన్ని బెంజమిన్ వా అనే పాస్టర్ నడిపించాడు. అదే 1889లో జాతీయ సంఘమైంది. ఎన్‌ఎస్‌పీసీసీ పేరుతో ఇప్పటికీ పనిచేస్తోంది. అదే ఏడాది వచ్చిన చట్టం, బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు తెలిస్తే వారెంటుతో ఇంట్లోకి వెళ్లే అధికారం పోలీసులకు ఇచ్చింది. తండ్రి ఇంటి గడప దాటి చట్టం లోపలికి రావడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు.

నర్సరీ అసలు రంగం మీదికి వచ్చింది 1914లో. మార్గరెట్ మెక్‌మిలన్, రేచల్ మెక్‌మిలన్ అనే అక్కచెల్లెళ్లు లండన్‌లోని పేదల పేట డెప్ట్‌ఫోర్డ్‌లో ఆరుబయటి నర్సరీ పెట్టారు. బిడ్డలకు స్నానం చేయించేవారు, అన్నం పెట్టేవారు, ఎండలో ఆడనిచ్చేవారు, మధ్యాహ్నం పడుకోబెట్టేవారు. 1917లో రేచల్ చనిపోయినా మార్గరెట్ 1931లో తాను పోయేదాకా ఆ పని వదల్లేదు. ఆ రోజుల్లో వాళ్లు వెతికింది హింస ఆనవాళ్లను కాదు, ఆకలిని, గజ్జిని, ఎముకలు వంకరపోయే రికెట్స్‌ను. అయినా పసిపిల్లల రక్షణకు పునాది అక్కడే పడిందని చెప్పాలి. మాట రాని వయసులో బిడ్డ ఒంటిని రోజూ చూసే పరాయి మనిషి నర్సరీ ఉద్యోగి ఒక్కతే. డాక్టరు జబ్బు చేసినప్పుడే చూస్తాడు. సోషల్ వర్కర్ ఎప్పుడో ఒకసారి వస్తాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోగలిగేది బట్టలు మార్చే చేతులే.

రెండో ప్రపంచ యుద్ధంలో తల్లులు ఫ్యాక్టరీలకు వెళ్లాల్సి రావడంతో ప్రభుత్వమే వెయ్యికి పైగా నర్సరీలు నడిపింది. యుద్ధం ముగియగానే చాలావాటిని మూసేశారు. 1945 జనవరిలో ష్రాప్‌షైర్‌లోని ఒక పొలం ఇంట్లో, కౌన్సిల్ పెంపకానికి అప్పగించిన డెనిస్ ఓనీల్ అనే 12 ఏళ్ల కుర్రాడు దెబ్బలకూ ఆకలికీ చనిపోయాడు. వాల్టర్ మంక్టన్ విచారణ జరిపారు. 1946లో పరాయి సంరక్షణలో పెరిగే పిల్లల గురించి కర్టిస్ కమిటీ నివేదిక వచ్చింది. దాని ఫలితంగా 1948లో బాలల చట్టం వచ్చింది. అదే ఏడాది నర్సరీలు, ఇళ్లలో పిల్లలను చూసుకునేవాళ్లు నమోదు కావాలని మరో చట్టం చేశారు. పగటిపూట సంరక్షణ మొదటిసారి తనిఖీ కిందికి వచ్చింది. అయితే తనిఖీ బాధ్యత ఆరోగ్య శాఖది కావడంతో గదుల కొలతలు, మరుగుదొడ్ల సంఖ్య, శుభ్రత చూశారు. పిల్లలతో ఎవరు ఎలా మెలుగుతున్నారన్నది చూసేవాళ్లు తక్కువ.

హింస జరిగిందని గుర్తుపట్టే విద్య మాత్రం వైద్యుల నుంచి వచ్చింది. 1946లో అమెరికాలో ఎక్స్‌రే నిపుణుడు జాన్ కాఫీ, తలలో రక్తం గడ్డకట్టిన కొందరు పసిపిల్లల కాళ్లు చేతుల ఎముకలు కూడా విరిగి ఉండటం గమనించాడు. ఆ రెండూ ఒకే బిడ్డలో ఎందుకు కనిపిస్తున్నాయో అంతటా ఒప్పుకోవడానికి మరో పదహారేళ్లు పట్టింది. 1962లో హెన్రీ కెంప్, ఆయన సహచరులు రాసిన వ్యాసం, అమ్మానాన్నల చేతుల్లోనే ఈ దెబ్బలు తగులుతున్నాయని సూటిగా చెప్పింది. అయిదారేళ్లలోనే అమెరికా రాష్ట్రాలు వరసగా, అనుమానం కలిగిన డాక్టర్లు తప్పక ఫిర్యాదు చేయాలని చట్టాలు చేశాయి.

తర్వాతి పరిశోధనలు నర్సరీ ఉద్యోగికి పనికొచ్చే స్థాయిదాకా వచ్చాయి. 1999లో అమెరికాలో 973 మంది చిన్నపిల్లల మీద అచ్చయిన అధ్యయనంలో, ఆరు నెలలలోపు 366 మందిలో ఇద్దరికే కమిలిన మచ్చ కనిపించింది. నడక వచ్చిన పిల్లల్లో సగానికి పైగా ఒంటిమీద ఏదో ఒక మచ్చ ఉంది. పరుగెత్తే పిల్లవాడి మోకాలి చిప్ప, ముంగాలు, నుదురు కమలడం సహజం. ఇంకా బోర్లా పడని బిడ్డ ఒళ్లు కమలడం సహజం కాదు. చెవి, మెడ, పొట్ట, వీపు, పిరుదుల మీద మచ్చ కనిపిస్తే కారణం తెలుసుకోవాలి. రంగును బట్టి మచ్చ ఎన్నాళ్లదో చెప్పవచ్చన్న పాత నమ్మకాన్ని కార్డిఫ్ పరిశోధకులు తోసిపుచ్చారు. అందుకే నర్సరీ రికార్డులో ‘మూడురోజుల నాటిది’ అని రాయకూడదు, కనిపించింది కనిపించినట్టు రాయాలి.

1973 జనవరిలో బ్రైటన్‌లో మరియా కాల్వెల్ అనే ఏడేళ్ల పాప సవతి తండ్రి చేతిలో చనిపోయింది. ఆ పాప చిక్కిపోతోందని టీచర్లు చూశారు. ఇరుగుపొరుగు చూశారు. ఫిర్యాదులు వెళ్లాయి. 1974లో వచ్చిన విచారణ నివేదిక చదివితే తెలిసేది ఒక్కటే: ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడాది నుంచే పోలీసు, ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖలు ఒకచోట కూర్చుని ఒక్కో బిడ్డ గురించి మాట్లాడే సమావేశాలు, ప్రమాదంలో ఉన్న పిల్లల జాబితాలు మొదలయ్యాయి. ఇంగ్లండ్ ఈ పాఠాన్ని ఆ తర్వాత కూడా పదేపదే నేర్చుకోవాల్సి వచ్చింది. 1984లో లండన్‌లో నాలుగేళ్ల జాస్మిన్ బెక్‌ఫోర్డ్ చనిపోయినప్పుడు కూడా ఆ పాప కౌన్సిల్ సంరక్షణ ఆదేశం కిందే ఉంది.

పట్టించుకోకపోవడం ఒక తప్పయితే, తొందరపడి అడ్డదిడ్డంగా పట్టించుకోవడం ఇంకో తప్పు. 1987లో ఇంగ్లండ్‌లోని క్లీవ్‌లాండ్ ప్రాంతంలో, వైద్య పరీక్షల ఆధారంగా కొన్ని నెలల్లోనే 121 మంది పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగినట్టు నిర్ధారించి, చాలామందిని ఇళ్ల నుంచి తీసుకెళ్లారు. వారిలో ఎక్కువమంది తర్వాత ఇళ్లకు తిరిగివచ్చారు. 1988లో ఎలిజబెత్ బట్లర్-స్లాస్ నివేదిక, పిల్లలను పదేపదే పరీక్షించిన తీరునూ ప్రశ్నించిన తీరునూ తప్పుపట్టింది. దాని నీడలోనే 1989 బాలల చట్టం రూపుదిద్దుకుని 1991 అక్టోబరు 14 నుంచి అమలైంది. బిడ్డకు తీవ్రమైన హాని జరుగుతోందనో, జరగబోతోందనో సహేతుకమైన అనుమానం ఉంటే కౌన్సిల్ విచారించి తీరాలని అందులోని 47వ సెక్షన్ చెబుతుంది. నర్సరీ నుంచి వెళ్లే ప్రతి ఫోన్‌కాల్ వెనుక ఉన్న చట్టబలం అదే.

ఆ చట్టం వచ్చాక కూడా ఒక పెద్ద అన్యాయం జరిగింది. 1993లో న్యూకాసిల్‌లో కౌన్సిల్ నడిపే ఒక నర్సరీలో ఇద్దరు ఉద్యోగుల మీద లైంగిక ఆరోపణలు వచ్చాయి. 1994లో కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. 1998లో కౌన్సిల్ నియమించిన సమీక్ష బృందం, నేరం జరిగినట్టేనని నివేదిక ప్రచురించింది. ఆ ఇద్దరూ ప్రాణభయంతో దాక్కోవాల్సి వచ్చింది. చివరికి 2002లో హైకోర్టు, వాళ్లు నిర్దోషులని, సమీక్ష బృందం దురుద్దేశంతో వ్యవహరించిందని తేల్చి, ఒక్కొక్కరికి రెండు లక్షల పౌండ్ల పరిహారం ఇప్పించింది. అంతకుముందు కాలిఫోర్నియాలో ఇలాంటి మరో ప్రీస్కూల్ కేసు 1983 నుంచి 1990 దాకా సాగి, ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. ఈ రెండు కేసుల్లోనూ పెద్దలు పసిపిల్లలను ప్రశ్నించిన పద్ధతి చర్చకు వచ్చింది.

పిల్లలు అబద్ధం చెబుతారన్నది ఇక్కడ పాఠం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ సెసి, ఆయన సహచరులు ఒక డేకేర్‌లో చేసిన ప్రయోగం ఈ విషయంలో ఎంతో చెబుతుంది. సామ్ స్టోన్ అనే అపరిచితుడు పిల్లల గదిలోకి వచ్చి, కాసేపు ఉండి, ఏమీ చెడగొట్టకుండా వెళ్లిపోయాడు. మామూలుగా అడిగిన పిల్లలు జరిగింది జరిగినట్టే చెప్పారు. సామ్ వట్టి తొట్రుపాటు మనిషని ముందే విని, అతను పుస్తకం చింపాడు కదా అన్న ధోరణిలో మళ్లీ మళ్లీ ప్రశ్నలు ఎదుర్కొన్న చిన్నపిల్లల్లో చాలామంది పది వారాలకు అతను పుస్తకమో బొమ్మో పాడుచేశాడని చెప్పారు. పెద్దవాళ్లు సూచించినది బిడ్డ జ్ఞాపకంలో కలిసిపోతుంది. అప్పుడు నిజంగా హాని జరిగిన బిడ్డ మాట కూడా కోర్టులో నిలవదు. 1992లో బ్రిటన్ ప్రభుత్వం, పిల్లల వాంగ్మూలాన్ని శిక్షణ పొందిన పోలీసులు, సోషల్ వర్కర్లే వీడియో మీద తీసుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. నర్సరీ ఉద్యోగి పని విని రాయడం వరకే. ‘ఏమైంది, చెప్పు’ అంటే సరిపోతుంది. ‘నాన్న కొట్టాడా’ అని అడగకూడదు.

2000 ఫిబ్రవరిలో లండన్‌లో ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ చనిపోయింది. ఆ పాప ఒంటిమీద 128 గాయాలున్నాయి. ఐవరీ కోస్ట్ నుంచి బంధువుతో వచ్చిన ఆ పాపను ఇంగ్లండ్‌లో బడిలోనే చేర్చలేదు. రోజూ చూసేవాళ్లు ఎవరూ లేకపోతే ఏమవుతుందో ఆ చావు చూపించింది. లార్డ్ లామింగ్ 2003 జనవరిలో ఇచ్చిన నివేదికలో 108 సిఫార్సులున్నాయి. ఆ పాపను కాపాడగలిగిన అవకాశాలు పన్నెండు చేజారాయని ఆయన లెక్కతీశారు. 2004 బాలల చట్టం శాఖల మధ్య సహకారాన్ని చట్టపరమైన బాధ్యత చేసింది. నర్సరీల తనిఖీ 2001లోనే కౌన్సిళ్ల చేతిలోంచి ఆఫ్‌స్టెడ్ అనే జాతీయ సంస్థకు మారింది. 2008 సెప్టెంబరు నుంచి ఐదేళ్లలోపు పిల్లలున్న అన్ని కేంద్రాలకూ ఒకే నిబంధనావళి వచ్చింది.

ఈ నిబంధనలన్నీ హాని ఇంట్లో జరుగుతుందని, నర్సరీ దాన్ని కనిపెడుతుందని అనుకుని రాసినవి. 2009 జూన్‌లో ఆ ఊహ కూలిపోయింది. ప్లిమత్‌లోని ఒక నర్సరీలో పనిచేసే ఆమెను పసిపిల్లలపై లైంగిక నేరాలకు అరెస్టు చేశారు. తాను పనిచేసే చోటే మొబైల్‌తో ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పరిచయమైన వాళ్లకు పంపింది. నర్సరీలో ఎవరో ఫిర్యాదు చేసినందుకు ఆమె పట్టుబడలేదు. ఎక్కడో మరో నేరస్థుడి కంప్యూటర్‌లో ఆ ఫొటోలు దొరికినందుకు పట్టుబడింది. నేరచరిత్ర తనిఖీలో ఆమె మీద ఏ మచ్చా లేదు. 2010లో వెలువడిన సమీక్ష అక్కడి పరిస్థితిని వివరంగా చెప్పింది. ఆమె వయసులో పెద్దది, నోరున్న మనిషి. సిబ్బంది ఆమె చుట్టూ చేరారు. అసభ్యంగా మాట్లాడటం, పెద్దవాళ్ల అశ్లీల ఫొటోలు మొబైల్‌లో చూపించడం తోటివాళ్లకు నచ్చకపోయినా ఎదురుచెప్పే ధైర్యం రాలేదు. యాజమాన్యానికీ సిబ్బందికీ మధ్య గీత చెరిగిపోయి ఉంది.

ఈ చరిత్ర మొత్తంలో నర్సరీలను ఎక్కువగా మార్చిన ఘటన ఇదే. దీని తర్వాతే 2012 నిబంధనల్లో మొబైల్ ఫోన్లు, కెమెరాల వాడకంపై ప్రతి నర్సరీకీ రాతపూర్వక విధానం ఉండాలన్నది చేరింది. తోటి ఉద్యోగి మీద ఫిర్యాదు చేయడానికి దారి ఏమిటో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పడం అలవాటైంది. నేరచరిత్ర పత్రం పట్టుబడినవాళ్ల గురించే చెబుతుంది, పట్టుబడనివాళ్ల గురించి చెప్పలేదు. ఆ ఖాళీని పూరించగలిగింది, నచ్చని ప్రవర్తన చూసినరోజే నోరు విప్పగలిగే వాతావరణం ఒక్కటే.

2012 మార్చిలో కోవెంట్రీలో నాలుగేళ్ల డేనియల్ పెల్కా చనిపోయాడు. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం. బడిలో మొదటి తరగతి ఇంకా మొదలుకాని పిల్లల మధ్య ఉండేవాడు. చెత్తబుట్టలోంచి తిండి ఏరుకుని తినడం సిబ్బంది చూశారు. ఒంటిమీద గాయాలు వేర్వేరు రోజుల్లో వేర్వేరు మనుషులు చూశారు. వాడికి తిండి జబ్బుందని తల్లి చెప్పింది, అందరూ నమ్మారు. గాయాలన్నీ ఒక్కచోట వరసగా రాసి ఉంచలేదు. 2013 సమీక్ష మరో మాట కూడా చెప్పింది: ఇంగ్లీషు సరిగా రాని ఆ పిల్లవాడితో వాడి భాషలో ఒంటరిగా మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. దీని తర్వాతే నర్సరీలలో, బడులలో ఒక్కో బిడ్డకు తేదీలవారీ వరస రికార్డు పెట్టాలన్న పట్టుదల పెరిగింది.

బిడ్డ భాష గురించిన ఈ విషయం బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు నేరుగా సంబంధించినది. ఇంట్లో తెలుగు మాత్రమే విన్న మూడేళ్ల బిడ్డ, నొప్పిని, భయాన్ని, ఆకలిని, మరుగుదొడ్డి అవసరాన్ని తెలుగులోనే చెబుతుంది. ఆ నాలుగైదు మాటలు ఒక కాగితం మీద రాసి నర్సరీకి ఇవ్వడం చిన్న పనేమీ కాదు. ఇంకో సంగతి ఉంది. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలి బూడిదరంగు మచ్చలుంటాయి. కొన్నేళ్లకు అవే పోతాయి. తెల్లజాతి పిల్లలను ఎక్కువగా చూసిన కళ్లకు అవి దెబ్బల్లా కనబడతాయి. చేర్చేటప్పుడే చూపించి రికార్డులో రాయిస్తే, ఇంటికి అనవసరమైన విచారణ తప్పుతుంది, నిజంగా కొత్త మచ్చ వస్తే తేడా తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో నిబంధనలు ఇంకా మారుతూనే ఉన్నాయి. 2025 సెప్టెంబరు నుంచి ఉద్యోగంలోకి తీసుకునే ముందు పాత యజమానుల రిఫరెన్సులు తెప్పించుకోవడం, బిడ్డ చెప్పాపెట్టకుండా రాకపోతే ఆరా తీయడం మరింత కచ్చితం చేశారు. అనుమానాన్ని ఫిర్యాదు చేయనివాళ్లకు శిక్ష పడాలా అన్న వాదన మాత్రం అక్కడ దశాబ్దాలపాటు తెగలేదు. భారతదేశం ఈ ఒక్క విషయంలో ముందే అడుగేసింది. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు పడుతుంది. కొట్టడం, మాడ్చడం, పట్టించుకోకపోవడం 2015 బాలల న్యాయ చట్టం కిందికి వస్తాయి.

చట్టం ఉన్నంతమాత్రాన ప్రతి అంగన్‌వాడీలో, ప్రతి ప్లేస్కూల్లో రాసే అలవాటు రాలేదు. 2022లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ చదివే పాప మీద అక్కడే పనిచేసే డ్రైవరు చేసిన అఘాయిత్యం వెలుగులోకి వచ్చింది. 2023లో అతనికి 20 ఏళ్ల జైలు పడింది. వీధి చివరి ప్లేస్కూల్లో బిడ్డను చేర్చే తల్లిదండ్రులు ఫీజు, యూనిఫాం, బస్సు గురించి అడుగుతారు. బాత్రూముకు ఎవరు తీసుకెళతారు, ఫోన్లు ఎక్కడ పెడతారు, బిడ్డ ఒంటిమీద మచ్చ చూస్తే ఎవరికి చెబుతారు, ఎక్కడ రాస్తారు అన్న నాలుగు ప్రశ్నలు కూడా అడగాలి. అనుమానం కలిగినవాళ్లు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. రుజువు తీసుకెళ్లాల్సిన పనిలేదు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదని పోక్సో చట్టం 19వ సెక్షన్లోనే రాసి ఉంది.